షోలాపురపు చిల్లుల అట్టలు: క్రమీకరణ చరిత్రలో ఒక అధ్యాయము

అనేకముగ నున్నదానిని ఒక వరుసలో నిలుపుట మానవుని ప్రాచీన విద్యలలో నొకటి. అమరసింహుడు పదములను అర్థమునుబట్టి వర్గములుగ కూర్చెను. బహుజనపల్లి సీతారామాచార్యులవారు 1885 లో వెలువడిన శబ్దరత్నాకరమున వానినే అకారాదిగ కూర్చిరి. పదములు రెండిటను పదములే. వరుస మారినంతనే గ్రంథముయొక్క ప్రయోజనము మారినది. అమరము కంఠస్థము చేయుటకు తగినది. శబ్దరత్నాకరము వెదకుకొనుటకు తగినది. ఏ వరుస ఎవని కుపయోగించును, ఆ వరుస చెదరకుండ నిలుచుట ఎట్లు అను రెండు ప్రశ్నలే క్రమీకరణ చరిత్రకంతకును మూలములు.

ఈ చరిత్రను విమర్శించుటకు షోలాపురపు తెలుగు నేతవాడలకంటె తగిన స్థలము అరుదు. ఏలయన, చిల్లులు పొడిచిన అట్టలచే యంత్రమును నడపుట అను ఉపాయము అచటి జకార్డు మగ్గములపై తరతరములుగ నిత్యకృత్యమై యుండెను. ఆ యుపాయమే మరియొక దారిని పోయి, జనాభా లెక్కల యంత్రముగను, పిదప కంప్యూటరుగను పరిణమించినదని లోకమున వాడుక కలదు. ఈ వాడుకలో నిజమెంత, పొరపాటెంత అనునది విచారింపదగిన విషయము.

షోలాపురమున తెలుగు నేతగాండ్రు

షోలాపురము బ్రిటిషు పాలనలో బొంబాయి రాజధానికి చేరిన జిల్లా. దాని తూర్పు సరిహద్దునకు ఆవల నిజాము రాజ్యముండెను. 1860 లో రైలుమార్గము షోలాపురమును చేరినది. 1870 ల దశకమున నూలు మిల్లు వెలసినది. నూలు దొరకు చోటు, సరకు పోవు దారి, కొను అంగడి ఈ మూడును ఒకచోట కూడినందున తెలంగాణపు పద్మశాలీలు కుటుంబములతోసహా అచటికి వలసపోయిరి. 1876 మొదలు 1878 వరకు దక్కనును పీడించిన క్షామమువంటి ఈతిబాధలును, మిల్లుబట్టల పోటీచే గ్రామములందలి చేనేత క్షీణించుటయు జనులను స్వగ్రామములనుండి కదలించిన కారణములలోనివి. పందొమ్మిదవ శతాబ్దమున మొదలైన ఈ రాక ఇరువదవ శతాబ్దమునను సాగినది.

నగరపు తూర్పుభాగమున సాఖర్ పేట, భవానీ పేట, దాజీ పేట, పాచ్ఛా పేట మున్నగు వాడలలో నేటికిని తెలుగు వినవచ్చును. అంగడిలో మరాఠీ, ఇంట తెలుగు, పొరుగున కన్నడము ఉర్దూలు. ఇది అచటి బిడ్డకు సహజమైన స్థితి. కులదైవమైన మార్కండేయ మహర్షి రథోత్సవము శ్రావణ పూర్ణిమనాడు జరుగును. 1960 మే 1 వ తేదీన మహారాష్ట్ర మేర్పడిన తరువాత ఈ తెలుగువారు మరాఠీ రాష్ట్రమున అల్పసంఖ్యాకులుగ నిలిచిరి. చేమగ్గముల స్థానమున మరమగ్గములు వ్యాపించినవి. భౌగోళిక గుర్తింపును పొందిన షోలాపురపు చద్దరు ఈ వాడల కీర్తిని దేశమెల్ల చాటినది. పూవులతోను, నెమళ్ళతోను, గళ్ళతోను ఒప్పు ఆ చద్దరు జకార్డు నేతకు ఉదాహరణము.

మగ్గమున వరుస

నేతపని యంతయు వరుసల పని. పడుగు పోసినపుడు ప్రతిపోగునకు తన స్థానము కలదు. పోగులు చిక్కుపడకుండుటకై వానిని ఒకటి విడిచి ఒకటిగ రెండు బద్దలకు పైనను క్రిందను పోనిచ్చెదరు. ఆ దాటు నిలిచియున్నంతవరకు పడుగును చుట్టవచ్చును, మోయవచ్చును, మరల విప్పవచ్చును. వేయి పోగులలో ఒకటియు తన పొరుగును మరువదు. బద్దలు ఊడెనా, పోగులన్నియు నున్నను పడుగు పనికిరాదు. పోగు పోవుట వేరు, వరుస పోవుట వేరు అను భేదము నేతగానికి ఒకరు చెప్పవలసినది కాదు.

జకార్డు అట్టల విషయమును అట్టిదే. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమందు జోసెఫ్ మారీ జకార్డు 1804 ప్రాంతమున ఈ యంత్రమును రూపొందించెను. ఆయన దీనిని శూన్యమునుండి సృష్టింపలేదు. 1725 లో బూషాన్ చిల్లుల కాగితమును, 1728 లో ఫాల్కన్ చిల్లుల అట్టలను మగ్గమునకు కూర్చిరి. 1745 లో వోకాన్సన్ స్వయంచాలకమైన మగ్గమును నిర్మించెను. జకార్డు వీరి యుపాయములను ఒకటిగ సంధించి కార్యయోగ్యము చేసెను.

యంత్రము పనిచేయు విధమిది. నమూనాను ముందుగ గళ్ళకాగితముపై చిత్రింతురు. కాగితమున ఒక్కొక్క అడ్డువరుస బట్టలో ఒక పేకపోగునకు గుర్తు. ఆ వరుసకు ఒక అట్ట. అట్టలో చిల్లున్నచోట సూది దూరిపోవును, దానికి తగిలిన కొక్కెము పైకి లేచును, దానితో పడుగుపోగును లేచును. చిల్లులేనిచోట సూది వెనుకకు నెట్టబడును, కొక్కెము తప్పుకొనును, పోగు క్రిందనే నిలుచును. అంతట నాడె దాటును. తరువాతి అట్ట ముందుకు వచ్చును. అట్టలన్నియు త్రాళ్ళతో వరుసగ కుట్టబడి, మొదలు తుది కలిసిన మాలవలె నాలుగు పలకల దిమ్మెపై తిరుగుచుండును.

ఇచట గమనింపవలసిన ముఖ్యాంశ మొకటి కలదు. జకార్డు అట్టలను ఎవరును క్రమీకరింపరు. వాని వరుస కుట్టునపుడే స్థిరపడినది. ఒక అట్ట తారుమారైనచో ఆ తప్పు ఒక్కచోట నిలువక, మాల తిరిగిన ప్రతిసారియు బట్టలో మరల మరల కనిపించును. అందుచే మగ్గమున వరుసకు కాపుదల త్రాడే.

త్రాడు తెగిన కథ

ఇంగ్లండున చార్లెస్ బాబేజి 1830 ల దశకమున తాను తలపోసిన విశ్లేషణ యంత్రమునకు జకార్డు అట్టలనే స్వీకరించెను. పట్టుతో నేయబడిన జకార్డు చిత్రపటమొకటి ఆయనయొద్ద నుండెను. దానిని నేయుటకు సుమారు 24,000 అట్టలు పట్టినవి. అడా లవ్‌లేస్ 1843 లో ప్రకటించిన వ్యాఖ్యలలో ఆ యంత్రము బీజగణిత రూపములను నేయుటను, మగ్గము పూలను ఆకులను నేయుటతో పోల్చినది. అయినను బాబేజి అట్టలును మాలగ కూర్చబడినవే. అది పూర్తిగ నిర్మింపబడలేదు.

అమెరికాలో 1880 నాటి జనాభా లెక్కలను తేల్చుటకు ఏడెనిమిది యేండ్లు పట్టినవి. 1890 లెక్కలకు హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డులను ప్రవేశపెట్టెను. సుమారు 6 కోట్ల 26 లక్షల జనులకు మనిషి కొక కార్డు. వయస్సు, వృత్తి, జన్మస్థలము మున్నగునవి చిల్లుల స్థానములచే తెలియును. యంత్రము కార్డును చదివినంతనే ప్రక్కనున్న అరలపెట్టెలో తగిన అర మూత తెరచుకొనును. పనివాడు కార్డును అందు వేయును. రైలుబండిలో గుమాస్తా ప్రయాణికుల యానవాళ్ళను టిక్కెట్టుపై చిల్లులుగ పొడుచుటను చూచి తనకు ఊహ తోచినదని హోలరిత్ చెప్పియున్నాడు. కావున మగ్గమే ఆయనకు ఏకైక గురువని నిర్ణయించుట సాహసము.

హోలరిత్ కార్డునకును జకార్డు అట్టకును బాహ్యమున పోలిక కలదు; తత్త్వమున భేదము కలదు. జకార్డు అట్ట యంత్రమునకు ఆజ్ఞ. హోలరిత్ కార్డు ఒక మనిషిని గూర్చిన సమాచారము. ఆజ్ఞలు వరుస తప్పరాదు గనుక త్రాటితో కుట్టవలసివచ్చినది. సమాచారమును ఒకమారు వృత్తినిబట్టి, ఒకమారు వయస్సునుబట్టి, ఒకమారు ఊరినిబట్టి కూర్చవలెను గనుక త్రాటిని తెంపవలసివచ్చినది. త్రాడు తెగినపుడే క్రమీకరణమను పని పుట్టినది. మగ్గమునుండి కంప్యూటరునకు వచ్చిన దారిలో ఇదియే అసలు మలుపు. చిల్లుల సామ్యమునే చూచి ఈ రెంటిని ఏకము చేయువారు ఈ మలుపును విడిచివేయుచున్నారు.

హోలరిత్ 1896 లో స్థాపించిన కంపెనీ 1911 లో ఇతర కంపెనీలతో కలిసి, 1924 లో ఐ.బి.ఎం. అను పేరు ధరించినది. 1928 లో 80 నిలువు గడులుగల కార్డు వచ్చినది. దానికి తగిన క్రమీకరణ యంత్రమునకు పదమూడు అరలు: అడ్డువరుసలకు పన్నెండు, పనికిరాని కార్డులకు ఒకటి. ఆ యంత్రము ఒక సారికి ఒక్క గడినే చూడగలదు. రెండంకెల సంఖ్యలను వరుసచేయవలెనన్న రెండుసార్లు నడుపవలెను. అదియు ఒకట్ల స్థానముతో మొదలిడవలెను. 32, 41, 31, 42 అను నాలుగు కార్డులున్నవనుకొందము. ఒకట్లనుబట్టి నడిపిన 41, 31, 32, 42 అగును. పిదప పదులనుబట్టి నడిపిన 31, 32, 41, 42 అగును. రెండవసారి ఒకే యరలో పడిన కార్డులు మొదటిసారి వచ్చిన వరుసను నిలుపుకొనుటచేతనే ఫలము సిద్ధించినది. సమానములైనవాని పూర్వక్రమమును చెరపకుండుట అను ఈ గుణమునకు స్థిరత్వమని పేరు. పడుగులోని బద్దలు కాపాడునదియు ఇదియే.

విద్యుద్యంత్రముల కాలము

కార్డులు పోయి సమాచారము కంప్యూటరు స్మృతిలో చేరిన పిదప క్రమీకరణమునకు గణితజ్ఞులు పలుమార్గములు కనుగొనిరి. 1945 లో జాన్ వాన్ నాయ్‌మన్ విలీన పద్ధతిని వ్రాసెను: వరుసగనున్న రెండు చిన్న జాబితాలను కలుపుచు పెద్ద జాబితాను చేయుట ఇందలి కిటుకు. ఇది స్థిరత్వమును కాపాడును. ఇంగ్లండువాడైన టోనీ హోర్, 1959 ప్రాంతమున మాస్కోలో విద్యార్థిగ నుండి, రష్యను భాషానువాదమునకై పదములను నిఘంటుక్రమమున నిలుపు యత్నములో, త్వరిత పద్ధతిని ఊహించి 1961 లో ప్రకటించెను. ఒక అంశమును మధ్యస్థముగ గైకొని, చిన్నవానిని ఒకప్రక్కకు, పెద్దవానిని ఒకప్రక్కకు త్రోయుట ఇందలి కిటుకు. ఇది మిక్కిలి వేగవంతము. కాని వాడుకలోని రూపమున సమానాంశముల వరుసను చెరపును. వేయి అంశములను ఒక్కొక్కటిగ తగినచోట చొప్పించుచు పోయిన సగటున రెండున్నర లక్షల పోలికలు కావలెను. విలీన పద్ధతికి సుమారు పదివేలు చాలును.

మన దేశమున 1950 ల మధ్యభాగమున కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు తొలి కంప్యూటరు వచ్చినది. హైదరాబాదున 1967 లో నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను 1969 లో టి.డి.సి. 12 అను యంత్రమును తయారుచేసినది. తెలుగునేలకు ఈ చరిత్రలో అప్పటినుండియు భాగము కలదు.

జావాస్క్రిప్టును ఉపకరణ గ్రంథములును

1995 లో నెట్‌స్కేప్ కంపెనీయందు బ్రెండన్ ఐక్ పది దినములలో జావాస్క్రిప్టు అను భాషకు తొలిరూపము కల్పించెను. ఇందు వస్తువుల వరుసకు అరే అనియు, ఒక్కొక్క మనిషిని గూర్చిన గడుల సముదాయమునకు ఆబ్జెక్టు అనియు పేర్లు. అరేను క్రమీకరించుటకు సార్ట్ అను క్రియ కలదు. ఈ సార్ట్‌నకు పుట్టుకతో వచ్చిన వింతగుణ మొకటి: వేరుగ చెప్పనిచో సంఖ్యలనుకూడ అక్షరపంక్తులుగనే చూచును. నూలు అంగడిలో 6, 10, 20, 40, 100 నెంబర్ల నూలున్నదనుకొందము. నెంబరు హెచ్చినకొలది నూలు సన్నము. ఈ సంఖ్యలను అట్లే సార్ట్‌నకు అప్పగించిన 10, 100, 20, 40, 6 అను వరుస వచ్చును. అన్నిటికంటె సన్నని నూలు రెండవ స్థానమునను, అన్నిటికంటె ముదుక నూలు తుదను నిలుచును. ఇట్టి పట్టీనిచూచి ఏ నేతగాడును నూలు తెప్పింపడు. రెండు సంఖ్యల భేదమును తెలుపు పోలిక ఫంక్షనును చేర్చినచో ఈ దోషము తొలగును.

రెండవ చిక్కు స్థిరత్వమునకు సంబంధించినది. క్రోమ్ బ్రౌజరునందలి వీ8 యంత్రాంగము 2018 వరకు పది అంశములకు మించిన అరేలకు త్వరిత పద్ధతినే వాడుచుండెను. ఒక జాబితాను ముందు ఇంటిపేరునుబట్టి, పిదప పేటనుబట్టి క్రమీకరించినచో, ఒకే పేటలోని ఇంటిపేర్లు మరల చెదరిపోవచ్చును. చిన్న జాబితాతో పరీక్షించినపుడు కనిపించని ఈ తప్పు పెద్ద జాబితాలో బయటపడును. మూడవ చిక్కు: సార్ట్ అసలు అరేనే మార్చివేయును, పూర్వపు వరుస దొరకదు.

ఈ లోపములను తీర్చుటకే ఉపకరణ లైబ్రరీలు పుట్టినవి. 2005 లో ప్రోటోటైప్, 2009 లో జెరెమీ ఆష్కెనాస్ రచించిన అండర్‌స్కోర్, 2012 లో జాన్ డేవిడ్ డాల్టన్ రచించిన లోడాష్ వీనిలో ముఖ్యములు. ఇందలి సార్ట్‌బై అను ఫంక్షనునకు జాబితాను, దేనినిబట్టి క్రమీకరింపవలెనో ఆ గడి పేరును ఇచ్చిన చాలును. అది ప్రతి అంశమునకు దాని పూర్వస్థానపు సంఖ్యను తగిలించి, విలువలు సమానమైనపుడు ఆ సంఖ్యలను పోల్చును. తెగిన త్రాటికి బదులు ప్రతి అట్టపై వరుస సంఖ్య వ్రాసికొనుటవంటిది ఈ యుపాయము. యంత్రాంగము అస్థిరమైనను ఫలము స్థిరముగ వచ్చినది. మూలము చెడక క్రొత్త అరే ఏర్పడినది.

లోడాష్‌లో పెక్కు గడులను ఒకేసారి పేర్కొనవచ్చును: ముందు పేట, అది సమానమైనచో ఇంటిపేరు, అదియు సమానమైనచో పేరు. కొన్నిటిని ఆరోహణముగ, కొన్నిటిని అవరోహణముగ కోరినచో ఆర్డర్‌బై అను ఫంక్షను కలదు. పేటలు అకారాదిగను, ప్రతి పేటలో మగ్గములు హెచ్చుగలవారు ముందుగను రావలెనన్న దీనిచే సాధ్యము. ఇక ఆబ్జెక్టులోని గడులనే వరుసచేయుట వేరు సంగతి. వానిని జతలుగ విడదీసి, క్రమీకరించి, మరల కూర్చవలెను. అందును ఒక జాగ్రత్త కలదు: గడి పేరు పూర్ణసంఖ్యయైనచో, 2015 నాటి ప్రమాణము మొదలుకొని, భాషయే దానిని ముందునకు తెచ్చి ఆరోహణక్రమమున నిలుపును. నూలు నెంబర్లను గడుల పేర్లుగ పెట్టి అవరోహణము కోరువాడు ఆబ్జెక్టును విడిచి జతల అరేనే ఆశ్రయింపవలెను.

2019 నాటి ప్రమాణము సార్ట్ స్థిరముగ నుండితీరవలెనని విధించినది. మూలమును మార్చని టుసార్టెడ్ అను క్రియ 2023 లో చేరినది. లైబ్రరీలు కొంతకాలము మోసిన భారమును భాషయే స్వీకరించినది.

పేర్ల వరుస

షోలాపురమున క్రమీకరణము మగ్గమున మాత్రమే కాక మనుష్యుల పట్టీలలోను ప్రశ్నయగుచున్నది. తెలుగువాడు ఇంటిపేరును ముందు చెప్పును; మహారాష్ట్ర సంప్రదాయమున తనపేరు, తండ్రిపేరు, తుదను ఇంటిపేరు. పేరంతయు ఒకే గడిలో వ్రాసి క్రమీకరించినచో, తెలుగుపద్ధతిన వ్రాసిన అన్న ఒకచోట, మరాఠీపద్ధతిన వ్రాసిన తమ్ముడు వేరొకచోట పడుదురు. ఇది సార్ట్ చేసిన తప్పు కాదు. గడులను విభజింపనివాని తప్పు. బీడీ కార్మికులకై కుంభారి గ్రామమున గోదూతాయి పరులేకర్ పేరిట నిర్మించిన 10,000 ఇండ్లు 2006 లో అప్పగింపబడినవి. బీడీలు చుట్టి బ్రదుకువారిలో నేతకుటుంబముల తెలుగు స్త్రీలు పెక్కుమంది. అంతటి సంఖ్యగల పట్టీలో తన పేరు కనబడని మనిషి లేనివానితో సమానుడు. కావున వరుస పేదవాని విషయమున అలంకారము కాదు, హక్కునకు దారి.

అక్షరముల చిక్కును కలదు. యూనికోడునందు తెలుగు లిపికి ళకారము లకారమునకు వెంటనే, వకారమునకు ముందు నిలుపబడినది. మన వర్ణమాలయందు ళకారము హకారమునకు పిదప వచ్చును. అందుచే సంకేతసంఖ్యలనుబట్టి పోవు సార్ట్ 'కళ' ను 'కవి' కి ముందు నిలుపును; వర్ణమాలనెరిగినవాడు 'కవి' ని ముందు వెదకును. దేవనాగరియందును సంకేతక్రమ మిట్టిదే. మరాఠీ వర్ణమాలయును ళకారమును హకారమునకు పిదపనే చదువును. ఈ విషయమున షోలాపురపు తెలుగువానికిని మరాఠీవానికిని ఒకే యిబ్బంది. ఆయా భాషల సంప్రదాయమునుబట్టి పోల్చుటకు 2012 నాటి అంతర్జాతీయీకరణ ప్రమాణమున కొలేటర్ అను సాధనము చేరినది. లైబ్రరీలోని సార్ట్‌బై తనంత తాను దీనిని వాడదు. పట్టీ వ్రాయువాడే కోరవలెను.

ఇంతవరకు విచారించినదానిని బట్టి కొన్ని నిర్ణయములు చేయవచ్చును. కంప్యూటరు మగ్గమునకు పుత్రికయనుట పాక్షికసత్యము. అట్టలును చిల్లులును మగ్గమునుండి వచ్చినవి. క్రమీకరణము మాత్రము ఆ అట్టల త్రాటిని తెంపినపుడు పుట్టినది. తెంపినది మొదలు, త్రాడు చేసిన పనిని లెక్కచే చేయుటకు పండితులు శ్రమించిరి. స్థిరత్వము ఆ శ్రమయొక్క ఫలము. ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చినచోట నేడు అట్టలే లేవు. నమూనా ఫైలుగ మగ్గమునకు చేరుచున్నది. అయినను ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించు బాధ్యత యంత్రమునకు పోలేదు. పడుగు అతుకువానికిని, పట్టీ వ్రాయువానికిని అది సమానముగ మిగిలియున్నది.